కీళ్లవాతం తగ్గలేదంటే నా విశ్వాసం తక్కువైనట్టేనా?

నీరెండ (హనుమకొండ) అడుగుతున్నారు:

అందరికీ ప్రభువు నామమున వందనములు. నేను ఒక ప్రైవేటు పాఠశాలలో తెలుగు చెబుతాను. నాకు రుమటాయిడ్ కీళ్లవాతం ఉంది. బయటపడి ఏళ్లు గడిచాయి. మందులు క్రమం తప్పకుండా వాడుతున్నాను. మానే ఉద్దేశం లేదు కాబట్టి దయచేసి ఎవరూ ఆ సలహా మాత్రం ఇవ్వవద్దు. శనివారం రాత్రి మెథోట్రెక్సేట్, తరువాత డాక్టరుగారు చెప్పిన రోజున ఫోలిక్ ఆసిడ్, మధ్యమధ్య రక్తపరీక్షలు, ఇదీ నా వరుస. పొద్దున లేచాక గంటకు పైగా వేళ్లు ముడుచుకోవు. మొదటి పీరియడ్‌లో చాక్‌పీసు మీద పట్టు ఉండదు గనుక బోర్డు మీద రాయవలసింది పిల్లలతో రాయిస్తాను. ఆ వంతు తమకు రావాలని వాళ్లు పోట్లాడుకుంటారు కూడా.

నేను అడగదలచినది సంఘం సంగతి. మా మందిరంలో అందరూ చాపల మీద కూర్చుంటారు. నేను గోడ వారగా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటాను. భుజం పైకి లేవని ఆదివారాల్లో నా తలమీద కొంగు కప్పవలసింది మా పెద్దమ్మాయే. మోకరించి ప్రార్థించే వేళ అందరి తలలూ కిందికి దిగిపోతాయి, నేనొక్కదాన్నే పైకి కనిపిస్తూ ఉంటాను. ఇది చిన్న విషయమేనని తెలుసు, అయినా ప్రతి వారమూ గుచ్చుకుంటుంది. శుక్రవారపు ఉపవాస కూటంలో ఎవరో ఒకరు నా చేయి పట్టుకొని, "అక్కా, ఎక్కడో అడ్డు ఉంది, ఒప్పుకోని పాపమేదైనా ఉందేమో పరీక్షించుకో" అంటారు. అనేవారికి నామీద ప్రేమ లేదని నేను అనను. నాకు జ్వరం వచ్చినప్పుడు అన్నం వండి పంపినదీ వారే. అయితే నేను ఇంటికి వచ్చి నిజంగానే వెదుక్కోవడం మొదలుపెడతాను. పెళ్లికి ముందు మా అమ్మతో పడిన మాటల దగ్గర నుంచి నిన్న తరగతిలో ఒక పిల్లవాడిని కసురుకున్న దాకా అన్నీ తవ్వుకుంటాను. తెల్లవారేసరికి వేళ్లు యథాప్రకారం బిగుసుకొనే ఉంటాయి.

సాక్ష్యాల సమయం మరీ కష్టం. తగ్గినవారు లేచి చెబుతారు, సంఘమంతా స్తోత్రం అంటుంది. తగ్గనివారు లేచి ఏమని చెప్పాలి? ఇంట్లో ఇంకొక రకం. మా అత్తగారి తరఫువారు క్రైస్తవులు కారు. ఆవిడ నా కోసం మేడారం సమ్మక్క సారలమ్మలకు నిలువెత్తు బంగారం, అంటే నా ఒంటి బరువుకు తూగే బెల్లం, మొక్కుకున్నారు. ఆవిడ ప్రేమను నేను కాదనలేను. కానీ "మీ దేవుణ్ణి ఇంతకాలంగా అడుగుతున్నావు కదా, ఏమన్నాడు?" అని ఆవిడ మామూలుగా అడిగిన మాటకు నా దగ్గర జవాబు లేదు.

దీర్ఘకాలపు జబ్బుతో ఉంటూ విశ్వాసంలో నిలిచినవారు మీరు దేనిని పట్టుకొని నిలిచారో, ప్రార్థనలో ఏమని అడుగుతారో, ఉపవాసం వంటివి ఎలా చేస్తారో చెప్పగలరా? ఓదార్పు మాటలు నాకు చాలానే అందాయి; జరిగినది జరిగినట్టు చెబితే చాలు.

పాత సండేస్కూలు మాస్టారు (నిజామాబాద్):

అమ్మా, వందనాలు. "ఎక్కడో అడ్డు ఉంది" అన్న మాట బైబిలులో లేకపోలేదు. నీతిమంతుడై కూడా కష్టాల పాలైన యోబుతో అతని స్నేహితులు పలికింది అదే. వారి మీద దేవుడు కోపించినట్టు ఆ గ్రంథం చివరి అధ్యాయంలో ఉంది. ఆ స్నేహితులు చేసిన మంచిపని ఒక్కటే: మొదట ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితో కూడ నేల మీద కూర్చొని ఎవరూ ఒక్క మాటైనా పలకలేదు. నోరు తెరిచిన తరువాతే చెడగొట్టారు. పుట్టు గ్రుడ్డివాణ్ణి చూసి, పాపం చేసింది వీడా, వీని కన్నవారా అని శిష్యులు అడిగినప్పుడు యేసుప్రభువు ఇద్దరూ కాదన్నాడు (యోహాను 9వ అధ్యాయం). మీ చేయి పట్టుకొని మాట్లాడే సోదరీమణులకు ఈ భాగం తెలియదని అనుకోను. మన సభల్లో జరిగే బోధలో అది తక్కువగా వినిపిస్తోంది, అంతే.

పౌలు విషయం చూడండి. ఆయన ఒంటిని తాకిన చేతిగుడ్డలు తీసుకొనిపోయి రోగుల మీద వేస్తే రోగాలు విడిచిపోయాయని అపొస్తలుల కార్యములు 19లో ఉంది. అదే పౌలు, తన తోటి ప్రయాణికుడైన త్రోఫిము రోగియైనందున అతనిని మిలేతులో విడిచివచ్చానని రెండవ తిమోతి పత్రిక చివర రాశాడు. సంజాయిషీ ఏమీ లేదు, త్రోఫిముకు విశ్వాసం తక్కువన్న మాటా లేదు. తిమోతికి తరచుగా వచ్చే బలహీనతల కోసం, కడుపు జబ్బు కోసం ద్రాక్షారసం కొంచెం పుచ్చుకోమని రాశాడు. ఆ కాలంలో అది మందు. ఇక తన శరీరంలో ముల్లు అని ఆయన రాసుకున్న బాధ సంగతి. తొలగించమని మూడుసార్లు వేడుకొంటే వచ్చిన జవాబు "నా కృప నీకు చాలును" అన్నది. ఆ ముల్లు ఏమిటో ఆయన చెప్పలేదు. కంటి జబ్బని కొందరు, మరేదో అని కొందరు వందల ఏళ్లుగా ఊహిస్తున్నారు. చెప్పకపోవడమే మంచిదయిందని నాకు అనిపిస్తుంది, ఎవరి ముల్లు వారు అక్కడ పెట్టుకొని చదువుకోవచ్చు.

మోకరించలేకపోవడం గురించి రాశారు. దావీదు రాజు "యెహోవా సన్నిధిని కూర్చుండి" ప్రార్థించినట్టు సమూయేలు రెండవ గ్రంథం 7వ అధ్యాయం చెబుతోంది. యాకోబు అవసానకాలంలో తన చేతికర్ర మొదలు మీద ఆనుకొని దేవునికి నమస్కారం చేశాడని హెబ్రీ పత్రికలో ఉంది. ఈ రెండు వచనాలూ మీ పాస్టరుగారికి చూపించి, మీ కుర్చీ పక్కన మరి నాలుగు కుర్చీలు వేయించమని అడగండి. మోకాళ్లు నొస్తున్నా మొహమాటంతో చాప మీద కూర్చొనే పెద్దవాళ్లు మీ సంఘంలో తప్పక ఉంటారు.

సాక్ష్యానికి 88వ కీర్తన చదవండి. విలాప కీర్తనలు చాలావరకు ఎక్కడో ఒకచోట స్తుతికి తిరుగుతాయి. ఇది తిరగదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అన్నదే దాని చివరి మాట. అయినా దాన్ని ఎవరూ తీసివేయలేదు, మందిరంలో పాడుకోవడానికే ఉంచారు. తగ్గకపోయినా దేవునితో మాట్లాడటం మానలేదని చెప్పడం కూడా సాక్ష్యమేనని నా అభిప్రాయం.

మా జిల్లా సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠురోగుల ఆసుపత్రి మొదలైంది. డాక్టర్ ఇసబెల్ కెర్ అనే స్కాట్లండ్ దేశపు మిషనరీ, ఆమె భర్త జార్జ్ కెర్ దానికి కారకులు. నిజామాబాదుకు చెందిన రాజా నర్సా గౌడ్ అనే హిందూ దాత దానికి విరాళం ఇచ్చారు. అప్పటికి కుష్ఠుకు ఇప్పటి మందులు లేవు. చాల్‌మొగ్రా నూనెను సూదితో ఎక్కించేవారు. ఆ వైద్యం నెలలూ ఏళ్లూ సాగేది, అందరికీ గుణమిచ్చేది కూడా కాదు. ఉత్తర తెలంగాణకు సువార్త తెచ్చినవారు ఒక చేత బైబిలు, మరొక చేత సూది పట్టుకొని వచ్చారు. మందు వాడితే విశ్వాసం తక్కువని ఇప్పుడు ఎవరైనా అంటే, వారికి ఈ నేల చరిత్ర తెలియదనుకోవాలి.

బొగ్గుబావి (గోదావరిఖని):

చెల్లెమ్మా, నేను సింగరేణిలో పనిచేసి విరమించినవాణ్ణి. రెండు మూత్రపిండాలూ పనిచేయడం లేదు. వారానికి మూడు విడతలు, విడతకు నాలుగు గంటలు డయాలసిస్ మీద ఉంటాను. మాస్టారుగారిలా వచనాలు వరుసగా చెప్పలేను. నాకు ఉపయోగపడినవి చెబుతాను.

మొదటిది మన్నా, అంటే అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడు ఇచ్చిన ఆహారం. నిర్గమకాండంలో ఏ రోజు మన్నా ఆ రోజే ఏరుకోవాలి, రేపటికి దాచితే పురుగు పట్టి కంపు కొట్టింది. పరలోక ప్రార్థనలో కూడా అనుదినాహారం నేడు దయచేయమనే అడుగుతాం. మొదట్లో నేను "ప్రభువా, ఈ యంత్రం నుంచి విడిపించు" అని పెద్ద ప్రార్థన చేసేవాణ్ణి. ఇప్పుడు సోమవారం నుంచి బుధవారం దాకా సరిపడా అడుగుతాను: బరువు ఎక్కువ పెరగకూడదు, సూదికి నరం ఒక్కసారికే దొరకాలి, చివరి గంటలో బీపీ పడిపోకూడదు, పక్క మంచం మీది పిల్లవాడికి వాంతులు కాకూడదు. ఇవి చిన్న కోరికలే. కానీ వీటికి జవాబు వచ్చిందో లేదో ఆ రోజే తెలుస్తుంది, వచ్చిన రోజున కృతజ్ఞత చెప్పడానికి ఒక పని దొరుకుతుంది. మూత్రపిండాలు బాగుచేయమని అడగడం మానలేదు. అది నెలకొకసారి, ప్రభువు బల్ల సంస్కారం ఇచ్చే ఆదివారం నాడు అడుగుతాను.

రెండవది దాహం. డయాలసిస్ మీద ఉన్నవారికి నీళ్లు కొలత ప్రకారమే. ఎంత తాగితే అంత ఒంట్లో చేరుతుంది, ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. గోదావరిఖని ఎండల్లో కొలిచిన నీళ్లతో రోజు గడపడం ఎలా ఉంటుందో మాటల్లో పెట్టడం కష్టం. నాలుక అంగిలికి అంటుకుంటుంది. చిన్న ఐసు ముక్క బుగ్గన పెట్టుకొని అది కరిగేదాకా దేని గురించీ ఆలోచించకుండా కూర్చుంటాను. చిన్నప్పటి నుంచి శుభ శుక్రవారం ఆరాధనలో సిలువ మీది ఏడు మాటలూ వింటున్నాను. అయిదవ మాట "నేను దప్పిగొనుచున్నాను" వచ్చేసరికి బోధకులు ఎవరైనా సరే దాన్ని ఆత్మల కోసం దాహమని వివరించి త్వరగా ఆరవ మాటకు వెళ్లిపోతారు. ఆ వివరణ తప్పని నేను అనను. డయాలసిస్ మొదలైన తరువాత వచ్చిన శుభ శుక్రవారం నాడు మాత్రం నాకు అది మామూలు దాహంగానే వినిపించింది. నాలుక ఎండిపోవడం ఏమిటో ఆయనకు తెలుసు. నన్ను నిలబెట్టింది చాలావరకు ఇదే.

మూడవది, మీరు అడిగిన విశ్వాసం కొలత. కపెర్నహూములో పక్షవాయువు గలవాణ్ణి నలుగురు మోసుకొని వచ్చి, జనం వల్ల లోపలికి దారి లేక, ఇంటికప్పు విప్పి మంచాన్ని దించారు. మార్కు 2వ అధ్యాయంలో యేసు "వారి విశ్వాసము చూచి" మాట్లాడాడని ఉంది. మంచం మీద ఉన్నవాడి విశ్వాసం ఎంతో ఎవరూ కొలవలేదు, అతడు ఒక్క మాట మాట్లాడినట్టు కూడా లేదు. మీ విశ్వాసాన్ని పరీక్షించుకోమనేవారిని, ముందు మీ మంచానికి ఒక మూల పట్టుకోమని మర్యాదగా అడగండి.

ఒక మాట నవ్వుకోవడానికి. పరామర్శకు వచ్చే మావాళ్లు అరటిపళ్లు, కొబ్బరిబోండాలు తెస్తారు. రెండిట్లోనూ పొటాషియం ఎక్కువ, నాకు రెండూ పనికిరావు. ప్రార్థన ముగిసి ఆమేన్ అనగానే మా ఆవిడ వాటిని వచ్చినవారికే కోసి పెడుతుంది.

ములుగు రోడ్డు:

అందరి మాటలూ చదివాను. రోగిని నిందించకూడదన్నది నిజం. కానీ స్వస్థత అడగడమే తెలియనితనం అన్నట్టుగా చర్చ సాగుతోందేమోనని నాకు సందేహం. మీలో ఎవడైనను రోగియై ఉంటే సంఘపు పెద్దలను పిలిపించాలనీ, వారు ప్రభువు నామమున నూనె రాచి ప్రార్థన చేయాలనీ యాకోబు పత్రిక 5వ అధ్యాయం స్పష్టంగా చెబుతోంది. పన్నెండేళ్ల రక్తస్రావం గల స్త్రీ తనకున్నదంతా వైద్యులకు ఖర్చుపెట్టి, అప్పుడు కూడా ఆశ విడవక యేసు వస్త్రాన్ని ముట్టింది. న్యాయాధిపతిని విసిగించిన విధవరాలి ఉపమానం విసుగక నిత్యం ప్రార్థించడానికే చెప్పబడింది. నీరెండ అక్కగారు పూర్తి స్వస్థత కోసం అడుగుతూనే ఉండాలని నా మనవి. నేనూ ప్రార్థిస్తాను, ఏ షరతూ లేకుండా.

వార్డు డ్యూటీ (ఫాతిమానగర్, కాజీపేట):

నేను నర్సును, కతోలిక సంఘానికి చెందినదాన్ని. ములుగు రోడ్డు అన్నగారితో నాకు విభేదం లేదు. నూనె రాసి ప్రార్థించిన పెద్దలే ఆ సాయంత్రం మందు వేసుకున్నావా అని కూడా అడిగితే మా పని సగం తేలికవుతుంది.

ముందు అక్కగారి శనివారం గురించి. మెథోట్రెక్సేట్ వేసుకున్న మరునాడు చాలామందికి వికారం, నీరసం ఉంటాయి. మీకూ అలాగే ఉంటే ఆదివారం ఆరాధన వికారంలోనే గడుస్తుంది. వారంలో ఏ రోజు వేసుకోవాలన్నది సాధారణంగా మార్చుకోవచ్చు. మీ డాక్టరుగారిని అడగండి, ఎలా జరపాలో ఆయనే చెబుతారు. సొంతంగా మార్చబోయి ఒకే వారంలో రెండుసార్లు వేసుకోవడం మాత్రం ఎన్నడూ చేయకండి. ఇది వారానికి ఒక్కరోజు మందు. పొరపాటున రోజూ వేసుకొని నోరంతా పుండ్లు పడి, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి తెచ్చుకునేవారు ఉంటారు. రోజు పేరు అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంచుకోండి.

ఉపవాసం విషయంలో మా సంఘపు నియమాలు రోగుల పట్ల మెత్తగా ఉంటాయి. దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) తీసుకోవడానికి ముందు ఒక గంట ఏమీ తినకూడదన్న నియమం వృద్ధులకు, రోగులకు, వారిని చూసుకొనేవారికి వర్తించదు. నీళ్లు, మందులు ఎవరికైనా సరే ఉపవాస భంగం కావు. మీ సంఘంలో వ్రాతపూర్వకమైన నియమం లేకపోవచ్చు. దానియేలు 10వ అధ్యాయంలో మూడు వారాలు మాంసం, ద్రాక్షారసం, రుచిగల ఆహారం విడిచిన ఉపవాసం ఉంది. మీకు అది సరిపోతుంది. ఇన్సులిన్ తీసుకొనేవారు, స్టెరాయిడ్ వాడేవారు పూర్తి ఉపవాసం తలపెట్టేముందు వైద్యుణ్ణి అడిగి తీరాలి. స్టెరాయిడ్‌ను హఠాత్తుగా ఆపడం ప్రమాదకరం. రాత్రి కూటంలో పరవశించి గోలీలు పారేసినవారు తెల్లవారి మా దగ్గరకు రావడం కొత్త సంగతి కాదు.

మీ జబ్బుకు ఒక స్వభావం ఉంది. అది కొన్నాళ్లు ఉధృతంగా ఉండి, కొన్నాళ్లు దానంతట అదే శాంతిస్తుంది. శాంతించిన రోజుల్లో ఎవరైనా "చూశావా, పాపం ఒప్పుకున్నావు, తగ్గింది" అంటే, మళ్లీ ఉధృతి వచ్చిన రోజున ఆ మాటే మీ మెడకు చుట్టుకుంటుంది. తగ్గినందుకు దేవునికి స్తోత్రం చెప్పండి, కారణం మాత్రం ఎవరికి వారు తేల్చేయకుండా ఉంటే మేలు.

మా దగ్గర వ్యాధిగ్రస్తుల అభ్యంగనాన్ని, అంటే ఫాదర్‌గారు రోగికి నూనె రాసి ప్రార్థించే సంస్కారాన్ని, చాలామంది ఇప్పటికీ చావు ముందరి నూనె అనుకొని, ఫాదర్‌గారు ఇంటికి వస్తున్నారంటే ఏడుపు మొదలుపెడతారు. దీర్ఘరోగులు కూడా తీవ్రత పెరిగినప్పుడల్లా దానిని మళ్లీ పొందవచ్చు. రెండవ జాన్ పాల్ పోపుగారు ఫిబ్రవరి 11ను ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినంగా నియమించారు. 1993 నుంచి జరుగుతోంది. మీ పాస్టరుగారు ఆదివారాల్లో ఒకదానిని ఇలా రోగుల కోసం కేటాయించడానికి ఒప్పుకోవచ్చు.

ఇంకొకటి. రాత్రుళ్లు పాపాలు తవ్వుకుంటానని రాశారు. అది రోజూ సాగి, నిద్ర కరువై, బ్రతకాలన్న ఆసక్తి తగ్గితే దాన్ని ఆత్మపరీక్ష అనుకోవద్దు. ఎడతెగని నొప్పితో పాటు మనోవ్యాకులత రావడం మామూలే, దానికి వేరే చికిత్స ఉంది. ప్రభుత్వం వారి టెలి మానస్ 14416 నంబరుకు తెలుగులోనే మాట్లాడవచ్చు. ఏలీయా ప్రవక్త చచ్చిపోతానని బదరీవృక్షం కింద పడుకున్నప్పుడు దేవదూత మొదట రొట్టె, నీళ్లు ఇచ్చి, మళ్లీ పడుకోనిచ్చాడు. బోధ ఏదీ చేయలేదు.

నీరెండ (హనుమకొండ):

అందరికీ కృతజ్ఞతలు. మందు రోజు మార్చవచ్చునని నాకు ఇంతవరకూ తోచలేదు. ఈసారి చూపించుకోవడానికి వెళ్లినప్పుడు అడుగుతాను. దావీదు కూర్చున్న వచనం మా పాస్టరు అయ్యగారికి చూపించాను. ఆయన కాసేపు చదువుకొని, వచ్చే వారం వెనుక వరుసలో కుర్చీలు వేయిద్దామన్నారు. మొదటి కుర్చీ తన తల్లిగారికే కావాలట. ములుగు రోడ్డు అన్నగారూ, అడగడం నేను మానను. మా అత్తగారికి మాత్రం మాస్టారుగారు చెప్పిన త్రోఫిము కథ చెప్పాను. ఆవిడ అంతా విని, "పాపం, ఆ ఊళ్లో అతనికి ఎవరు వండిపెట్టారో" అన్నారు. నా దగ్గర దానికీ జవాబు లేదు.

బొగ్గుబావి అన్నగారికి ఒక ప్రశ్న. మంచానికి మూల పట్టుకోమని అడగమన్నారు. నాకు అడగడమే చేతకాదు. మీరు ఎలా మొదలుపెట్టారు?

బొగ్గుబావి (గోదావరిఖని):

నాకూ చేతకాలేదు చెల్లెమ్మా. మా సంఘపు వాట్సాప్ గ్రూపులో "నా కోసం ప్రార్థించండి" అని రాస్తే పదుల కొద్దీ చేతులు జోడించిన బొమ్మలు వచ్చేవి, మనిషి వచ్చేవాడు కాదు. ఒకరోజు "శనివారం రెండు గంటలకు డయాలసిస్ అయిపోతుంది, కళ్లు తిరుగుతాయి, బండి మీద ఇంటికి దింపగలవారు ఎవరు?" అని రాశాను. ముగ్గురు ముందుకొచ్చారు. పని పేరు, రోజు, గంట రాయాలి. మీరైతే బహుశా పొద్దుటి పూట కూరగాయలు తరగడం, టిఫిన్ డబ్బాల మూతలు బిగించడం రాయవలసి ఉంటుంది. శుక్రవారం చేయి పట్టుకొనే ఆ సోదరినే మొదట అడిగి చూడండి, అన్నం వండి పంపినదీ ఆవిడే అన్నారు కదా.